రెండో వరస, ఎడమ నుంచి నాలుగు

మా హెడ్మిస్ట్రెస్ నన్నడిగింది అర పేజీ. ఆయా రిటైరవుతోంది, ఈ ఏటి వార్షిక సంచికలో ఆమె గురించి నాలుగు మాటలు వెయ్యాలి. "మరీ పొడుగ్గా వద్దండీ. ఎప్పుడు చేరింది, ఎన్నేళ్ళు చేసింది, మంచి మనిషి, టైముకి గంట కొట్టేది. పక్కన ఒక ఫొటో" అంది. అర పేజీ నాకు పావుగంట పని. ఇరవై రెండేళ్ళుగా ఈ ఆడపిల్లల హైస్కూల్లో లైబ్రేరియన్ని. సంచిక పని కూడా నా నెత్తినే ఉంది. రిటైరైన వాళ్ళ మీద అర పేజీలు రాసి రాసి చెయ్యి తిరిగిపోయింది. పేరూ తేదీలూ మారిస్తే చాలు, సుగుణాలు అందరికీ అవే.

ఆ అర పేజీ రాయడానికి కూర్చుని నెలన్నర అయింది. ఇంకా రాయలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను. ఇది సంచికలో పట్టదు, పట్టినా హెడ్మిస్ట్రెస్ వెయ్యనివ్వదు.

ఆయాని స్కూల్లో అందరూ గంటమ్మ అంటారు. గంట కొడుతుంది కాబట్టి గంటమ్మ. అసలు పేరు సంతకాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా కనపడదు. వాళ్ళ నాన్న ఈ స్కూలుకే వాచ్‌మన్. గేటు పక్కనున్న రెండు గదుల్లో పుట్టింది, పెళ్ళయ్యాక మొగుణ్ణి కూడా ఆ రెండు గదుల్లోకే తెచ్చుకుంది, అక్కడే కూతుర్ని పెంచింది, అక్కడే మొగుణ్ణి పోగొట్టుకుంది. పొద్దున్నే గేటు తీసి, పదహారు తరగతి గదులూ ఊడ్చి, నీళ్ళ డ్రమ్ములు నింపుతుంది. పీరియడ్ పీరియడ్‌కీ వరండా చివరికి పోయి ఇనప కడ్డీతో గంట మీద కొడుతుంది. ఆఫీసు గోడ గడియారం ఏడాదికోసారైనా ఆగిపోతుంది గానీ గంటమ్మ గంట ఆగిన రోజు నేనెరగను. చివరి పీరియడ్‌లో గుడ్డ పట్టుకుని నా లైబ్రరీకి వస్తుంది, దుమ్ము దులపడానికి.

అక్కడే మా ఇద్దరికీ పేచీ. నేను నంబర్ల ప్రకారం సర్దుకున్న పుస్తకాల్ని తీసి తుడిచి, ఎత్తు ప్రకారం పెట్టేస్తుంది. పొట్టివి ఈ చివర, పొడుగువి ఆ చివర. "ఇదేం సర్దుడు గంటమ్మా, నా ప్రాణం తోడేస్తున్నావు" అని నేనరిస్తే, "ఫొటోకి నిలబెట్టినట్టుంటే చూడ్డానికి బాగుంటాయమ్మా" అంటుంది నింపాదిగా. నేను మళ్ళీ సర్దుకోవడం, ఆవిడ మళ్ళీ చెడగొట్టడం. ఇరవై రెండేళ్ళు ఇదే వరస. ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా ఆవిడ నన్ను "అమ్మా, మీరు" అంటుంది, నేను ఆవిడని "నువ్వు" అంటాను. ఈ సంగతి ఇది రాస్తుంటే తట్టింది. ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఇక నా ఘనకార్యం చెబుతాను. లైబ్రరీలో ఒక బీరువా నిండా పాత వార్షిక సంచికలున్నాయి. నేను చేరిన కొత్తలో వాటిని చిత్తుకాగితాల కింద పారేయబోతే ఒంటికాలి మీద లేచి అడ్డుపడ్డాను. ఒక్కో సంచికలో తరగతి తరగతికీ గ్రూపు ఫొటో ఉంటుంది. కింద "కూర్చున్నవారు", "నిలుచున్నవారు" అంటూ ఎడమ నుంచి కుడికి పేర్లు. వెనక బహుమతుల జాబితా, మధ్యలో పిల్లలు రాసిన కథలూ వ్యాసాలూ జోకులూ. ఆ పేర్లన్నిటికీ ఒక సూచిక తయారుచేశాను. సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. మా అమ్మమ్మ ఇక్కడే చదివిందట, మా మేనత్త ఇక్కడే చదివిందట, చిన్నప్పటి ఫొటో దొరుకుతుందా అంటూ జనం రావడం మొదలైంది. ఆడవాళ్ళకి ఇళ్ళల్లో ఫొటోలంటే పెళ్ళి ఫొటో నుంచే మొదలు. అంతకు ముందు ముఖం కావాలంటే ఈ సంచికలే దిక్కు.

పని చేస్తూ చేస్తూ ఆరితేరాను. వచ్చినవాళ్ళని ముందు పుట్టింటి పేరు అడగాలి. చదివిన ఏడు తెలియకపోతే పెద్దబిడ్డ వయసు అడిగి వెనక్కి లెక్కగట్టాలి. పేరు దొరికాక వరసలో లెక్కపెట్టి ముఖం పట్టుకోవాలి, తర్వాత ముందటేడు సంచికా మరుసటేడు సంచికా తెచ్చి ఆ ముఖాన్ని పోల్చుకోవాలి. దొరికినప్పుడు వచ్చినవాళ్ళ మొహం వెలిగిపోతుంటే నాకు కడుపు నిండిపోయేది. "దొరికినవాళ్ళు" అని పైన రాసి ఒక అట్ట నోటుబుక్కు పెట్టుకున్నాను. దొరికిన మనిషికల్లా ఒక నంబరు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు ఆ నోటుబుక్కు వచ్చేది. మా ఆయన "మొదలెట్టింది" అని గొణుక్కుంటూ లోపలికి పోయేవాడు.

అరవై రెండో నంబరు దగ్గర నా పాపం పండింది.

ఎనిమిది నెలల కిందట ఒక దర్జీ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మెళ్ళో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. వాళ్ళమ్మ ఈమెకి ఏడాది నిండకుండానే పోయిందట. పిన్ని పెంచింది. ఒకసారి ఇల్లు మారేటప్పుడు ట్రంకుపెట్టె బండి మీంచి ఎక్కడో జారిపోయింది, ఉన్న ఒకటి రెండు ఫొటోలూ దాంతోనే పోయాయి.

"మా పాపకి బళ్ళో వంశవృక్షం గియ్యమన్నారు మేడమ్. అందరి ఫొటోలూ అంటించింది. అమ్మమ్మ దగ్గర గడి ఖాళీగా వదిలేసింది. అమ్మమ్మ ఎలా ఉండేదమ్మా అంటే నేనేం చెప్పను? నాకే తెలీదు" అంది.

వాళ్ళమ్మ పదో తరగతి ఒక్కటే ఇక్కడ చదివిందని మాత్రం తెలుసు. పావుగంటలో తీశాను. పదో తరగతి బి సెక్షన్, నిలుచున్నవారు, రెండో వరస, ఎడమ నుంచి నాలుగు. పేరూ ఇంటిపేరూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. సన్నటి పిల్ల, రెండు జడలు, గడ్డం కాస్త పైకెత్తి ఉంది. అందరూ కెమెరాని చూస్తుంటే ఈ పిల్ల ఒక్కతే పక్కకి, వరండా వైపు చూస్తోంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వరసలో ఉన్న పిల్లలందరికీ చొక్కా మీద స్కూలు బ్యాడ్జి ఉంది. ఈ పిల్లకి లేదు. నేనది చూశాను. చూసి, ఆ రోజు ఊడిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందరి జడలకీ తెల్ల రిబ్బన్లున్నాయి, ఈ పిల్లకి అవీ లేవు. "పాపం, అప్పటికే ఇంట్లో ఇబ్బందులేమో" అని దర్జీతో అన్నాను కూడా. లేని కథ అల్లి ఆమె చేతిలో పెట్టాను. పోల్చి చూద్దామంటే ఆ పిల్ల ఇక్కడ ఇంకో ఏడు చదవలేదు. అలాంటప్పుడు "ఈమే అని గట్టిగా చెప్పలేనమ్మా" అనాలి. అది నాకు తెలుసు. అనలేదు.

దర్జీ ఆ ముఖం మీద వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకుని, వేలు బట్టకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. "ముక్కు నాదే మేడమ్" అంది. "అచ్చం నీదే" అన్నాను. నిజంగానే నాకలా కనిపించింది. ఆమె బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నా కళ్ళల్లోనూ నీళ్ళు. లోపల మాత్రం ఎంత గొప్పదాన్నో అనుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడు గంటమ్మ గుడ్డ పట్టుకుని వచ్చింది. బల్ల పక్కన ఆగి సంచికలోకి తొంగి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది. "అమ్మా, ఆ ఫొటోలో..." అంటూ ఏదో చెప్పబోయింది.

"ఇక్కడ మనిషి ఏడుస్తుంటే కనపట్టం లేదా గంటమ్మా? ముందు ఆ బీరువా దుమ్ము చూడు" అని కసిరాను.

ఆవిడ వెళ్ళి బీరువా తుడిచింది. ఆ రోజు పుస్తకాలు ఎత్తు ప్రకారం పెట్టలేదు. చక్కగా నంబర్ల ప్రకారమే పెట్టింది. ఇన్నాళ్ళకి దారికొచ్చింది అనుకున్నాను.

ఆ పిల్ల తలా భుజాలూ వచ్చేట్టు స్టూడియోలో పెద్దది చేయించి, అడుగున వాళ్ళమ్మ పేరు అచ్చు వేయించిన కాగితం ముక్క అంటించి, ఫ్రేము కట్టించి నేనే ఇచ్చాను. దర్జీ చూస్తుండగానే నోటుబుక్కు తీసి అరవై రెండు అని వేసుకున్నాను. నెల తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. "మీకొక జాకెట్టు కుట్టి ఇవ్వకపోతే నా మనసూరుకోదు" అంటూ నా కొలతలు తీసుకుంది. గంటమ్మ అక్కడే ఉంటే, "మీక్కూడా కుడతానండీ, ఇలా రండి" అని పిలిచింది. ఆవిడ వద్దు వద్దంటూనే నిలబడింది. దర్జీ ఆవిడ భుజాల మీద టేపు పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది. అలాగే కాసేపు ఆగిపోయింది. "ఏంటమ్మా, టేపు చాల్లేదా?" అని నేనొక జోకు వేశాను. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

ఇప్పుడు అర పేజీ దగ్గరికొస్తాను. హెడ్మిస్ట్రెస్ అడిగిన మర్నాడు, మధ్యాహ్నం భోజనాల బెల్లులో, గంటమ్మ వరండా మెట్ల మీద కూర్చుని తడిగుడ్డలు పిండుతుంటే వెళ్ళి అడిగాను.

"నీ చిన్నప్పటి ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వు గంటమ్మా. అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన వేద్దాం."

"నా ఫొటో మీ దగ్గరే ఉందిగా అమ్మా."

"నా దగ్గరా? ఎక్కడ?"

"మీరు దర్జీ అమ్మాయికిచ్చారుగా. అదే."

మొదట నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆ ముఖంలోకి చూశాను. ఇరవై రెండేళ్ళలో సరిగ్గా చూడటం అదే మొదటిసారి అనుకుంటా. గడ్డం కాస్త పైకెత్తి ఉంది.

"నాకప్పుడు పదహారు" అని గుడ్డ పిండుకుంటూ చెప్పుకొచ్చింది. "నీళ్ళు మోస్తున్నా. డ్రిల్లు టీచరు ముందురోజే పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టి, పేర్లు రాసి ప్రెస్సుకి పంపేసింది. తీరా ఫొటో రోజు ఒక పిల్ల రాలేదు. జ్వరమట. వరస మధ్యలో ఖాళీ. అందరూ జరిగితే పేర్లు తప్పిపోతాయిగా? 'ఒసేయ్, ఇలా రా' అని నన్ను పిలిచి, వేరే సెక్షన్ పిల్ల చొక్కా, బ్యాడ్జి తీసేసి, నాకు తొడిగించి ఆ ఖాళీలో నిలబెట్టింది. నాన్న ఊళ్ళో లేడు, ఆ రోజు గంట నేనే కొట్టాలి. టైమైపోతోంది. అందుకే గంట వైపే చూస్తున్నా."

ఆ పద్ధతి నాకు తెలియనిదైతే ఎంత బాగుండేది. అది నాకు కొట్టినపిండి. ఇవాళ్టికీ మేం అలాగే చేస్తాం. పేర్లు ముందే ప్రెస్సుకి పోతాయి, ఫొటో తర్వాత తీస్తారు, ఎవరైనా రాకపోతే ఆ ఎత్తు పిల్లని ఇంకో తరగతి నుంచి తెచ్చి ఇరికిస్తాం. నా చేత్తో నేనే నాలుగైదుసార్లు ఇరికించాను. వరస అందంగా ఉంటుంది, పేర్ల లెక్క తప్పదు, అదీ మా తెలివి. రేపెప్పుడో ఎవరి మనవరాలో వచ్చి ఎవరి ముఖం పట్టుకుపోతుందోనని ఒక్కనాడూ ఆలోచించలేదు. నా నోటుబుక్కులో అరవై రెండు మంది. వాళ్ళలో ఎంతమంది అసలైనవాళ్ళో ఇప్పుడు నేను చెప్పలేను.

"మరి ఆ రోజే చెప్పొద్దా?" అన్నాను. మాట బయటికి వస్తుండగానే నాలిక్కరుచుకున్నాను.

"చెప్పబోయానుగా అమ్మా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"గట్టిగా చెప్పాల్సింది."

"చెబితే నమ్ముతారని ఏముంది? ఒకసారి నమ్మలేదుగా."

"ఎప్పుడు?"

"మీరు కొత్తగా వచ్చినప్పుడు. మా అమ్మాయికి పదేళ్ళు. ఆ పుస్తకం తీసి దానికి చూపించా, ఇదిగో, ఇది నేనే అని. అదేమో కింద పేరు చదివింది. వేరే ఎవరిదో ఉంది. మీ దగ్గరికి తెచ్చి అడిగింది, మేడమ్, ఇది మా అమ్మేనా అని."

అప్పుడు గుర్తొచ్చింది. సంచిక రెండు చేతులా పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డ పిల్ల. నేను కళ్ళజోడు సర్దుకుని, వరసలో లెక్కపెట్టి, "కాదు. కింద పేరుంది కదా, చదవడం రాదా? మీ అమ్మ ఇక్కడ పదో తరగతి ఎప్పుడు వెలగబెట్టింది?" అన్నాను. చుట్టూ చదువుకుంటున్న పిల్లలు గొల్లుమన్నారు. వాళ్ళు నవ్వినందుకు నాకు ముచ్చటేసింది కూడా. కొత్త లైబ్రేరియన్ని, చలాకీగా ఉన్నానని అనిపించుకోవాలి. గంటమ్మ గుడ్డ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ కూడా అందరితో పాటు నవ్వింది.

"ఇంటికెళ్ళాక అడిగింది, ఎందుకమ్మా నాకు అబద్ధం చెప్పావు అని. మళ్ళీ ఆ ఊసెత్తలేదు నేను. పోనీలెండమ్మా. ఇప్పుడది నర్సు. మర్చిపోయే ఉంటుంది."

మర్చిపోయి ఉండదు. నాకు తెలుసు. పదేళ్ళ పిల్ల అలాంటివి మర్చిపోదు. మర్చిపోయింది నేను.

"ఇప్పుడు దర్జీకి ఏం చెప్పను?" అన్నాను.

"ఏం చెప్పకండి. మిషను ముందు గోడకి తగిలించుకుందట. తీసెయ్యమంటామా? నా మొహం అక్కడైనా పనికొస్తోంది, ఉండనివ్వండి" అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఎడమ చేత్తో ఎత్తుకుంది.

ఆ మాట అడ్డం పెట్టుకుని నెల్లాళ్ళు గడిపాను. గంటమ్మే వద్దంది కదా, దర్జీ సంతోషంగా ఉంది కదా, మధ్యలో నేను పుల్ల పెట్టడం ఎందుకు అని. అసలు సంగతి అది కాదు. నా అరవై రెండో నంబరు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. గంటమ్మ దుమ్ము దులపడానికి వస్తే నేనేదో పనున్నట్టు ఆఫీసులోకి పోయేదాన్ని. నా లైబ్రరీలో నేనే తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఇంట్లో అన్నం సయించక కంచం ముందు కూర్చుంటే మా ఆయన ఏమైందనేవాడు. తలనొప్పి అనేదాన్ని. నెల్లాళ్ళ తలనొప్పి.

చెప్పకుండా ఉండలేకపోయాను, ఉత్త చేతులతో వెళ్ళి చెప్పే ధైర్యమూ లేకపోయింది. అందుకని ఆ ఏటి సంచిక మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ ఫొటోల కోసం పేజీలు తిప్పాను గానీ చదివిన పాపాన పోలేదు. నలభై ఒకటో పేజీలో ఎవరిదో వ్యాసం తొందరగా అయిపోతే, అడుగున మిగిలిన చోట్లో ఒక జోకు వేశారు. దాని కింద దర్జీ వాళ్ళమ్మ పేరు, పదో తరగతి బి.

"టీచర్: నిన్న బడికి ఎందుకు రాలేదు? విద్యార్థిని: పాఠం అర్థం కానివాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని చదువుకోమని మొన్న మీరే అన్నారు కదండీ!"

ఆ పేజీ నకలు తీయించుకుని దర్జీ కొట్టుకి వెళ్ళాను. ఇరుకు గది. రెండు మిషన్లు, గోడ వెంబడి బొత్తాల సీసాలు, తాడు మీద సగం కుట్టిన బట్టలు, ఇస్త్రీ పెట్టె వేడికి తడి గుడ్డ వాసన. ఆమె మిషను ఎదురుగా, తల ఎత్తితే కనపడేట్టు, ఆ ఫ్రేము. నన్ను చూడగానే లేచి కుర్చీ మీది గుడ్డముక్కలు దులిపి కూర్చోబెట్టింది.

కళ్ళు మూసుకుని అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. జ్వరం, ఖాళీ, చొక్కా, గంట, నేను చూసీ చూడనట్టు వదిలేసిన బ్యాడ్జి, గంటమ్మని కసరడం, అప్పట్లో ఆవిడ కూతుర్ని నవ్వులపాలు చెయ్యడం, అన్నీ. కళ్ళు తెరిచేసరికి ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

"తెలుసు మేడమ్" అంది.

"తెలుసా?"

"ఆవిడ కొలతలు తీసుకున్న రోజే తెలిసింది. ఎడమ భుజం అర అంగుళం కిందికుంది. చిన్నప్పటి నుంచి ఒక్క చేత్తోనే బరువులు మోసినవాళ్ళకి అలా ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలో అదే భుజం. పొద్దస్తమానం దాన్నే చూస్తూ కుడుతున్నానుగా. ముక్కు దగ్గర పొరబడ్డాను గానీ భుజం దగ్గర పొరబడతానా? నా పనే అది."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

ఆమె ఇబ్బందిగా టేపు వేలికి చుట్టుకుంది. "ఎలా అంటాను మేడమ్? ఆ రోజు మీరెంత సంబరపడ్డారు! నోటుబుక్కు తీసి నంబరు వేసుకున్నారు. మీ మనసు కష్టపెట్టడం ఎందుకులే అని..."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒకావిడ తన ముఖం పోగొట్టుకుంది, ఒకామె ఎవరి ముఖమో అమ్మ అనుకుని గోడకి తగిలించుకుంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. నా సంబరం చెడకూడదని ఒకరు, నేను కసురుతానని ఒకరు.

"నేను తీసెయ్యలేకపోయాను కూడా. పాపకి అమ్మమ్మ అని చెప్పేశాను. పైగా ఆవిడ సూటిగా చూడదుగా, పక్కకి చూస్తుంది. కుట్టు తప్పినా తిట్టదనిపించేది" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

నకలు తీసి ఇచ్చాను. ఇవ్వడంలోనే తెలిసిపోయింది నాకు, ఇది తప్పు కప్పుకోవడానికి తెచ్చిన తాయిలమని. ఆమెకీ తెలిసే ఉంటుంది. తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. "మా అమ్మ రాసిందా ఇది?" అంది. అవునన్నాను. "ఈసారి పేరు పైన మనిషి లేదు, మాటే ఉంది. అయినా ఇంకెవరి చేతైనా రాయించారేమో నాకు తెలీదమ్మా. పేరు మాత్రం మీ అమ్మది" అన్నాను. ఎనిమిది నెలల కిందట అనాల్సిన మాట అప్పుడన్నాను.

"ఇంత చెత్త జోకు ఇంకెవరు రాసిపెడతారు మేడమ్!" అని ఆమె పకపకా నవ్వేసింది. నవ్వీ నవ్వీ మిషను పట్టుకుని నిలదొక్కుకుంది. "మా పాప పొద్దున లేస్తే ఇలాంటివే చెప్పి చంపుతుంది. మా ఇంట్లో ఎవరికీ లేని ఈ పిచ్చి దీనికి ఎక్కడి నుంచొచ్చిందా అనుకునేదాన్ని." ఆ కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది, అందులో ఇది అంటించమంటాను" అంది.

తర్వాత స్టూలెక్కి ఫ్రేము దింపింది. వెనక మేకులు వదులు చేసి, ఫొటో అడుగున ఉన్న పేరు ముక్కని కత్తెర మొనతో జాగ్రత్తగా లేపి, దారపుండల డబ్బాలో పెట్టుకుంది. "పేరు నాది. మనిషిని ఆవిడ కూతురికివ్వండి" అంటూ నా చేతికిచ్చింది.

మర్నాడు మొదటి గంటకి ముందే గేటు పక్కనున్న గదులకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. గంటమ్మ కూతురు ఆస్పత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల బూట్లు ఇంకా విప్పలేదు. గంటమ్మ నన్ను చూసి కంగారుగా మంచం మీది దుప్పటి సర్దింది. నేను ఫ్రేము ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఇది మీ అమ్మ" అన్నాను.

ఆ అమ్మాయి ఫొటోని చూసింది. చూపు అక్కడే నిలవలేదు. కిందికి, పేరుండే చోటికి వెళ్ళింది. అక్కడ తెల్లగా ఒక గీత మిగిలి ఉంది. దాన్ని వేలితో రుద్దింది.

"కింద పేరు లేదే మేడమ్?"

"అప్పుడు వేసిన పేరు తప్పమ్మా. మనిషి మీ అమ్మే. నేను చెబుతున్నాను కదా."

తలెత్తకుండానే అంది, నెమ్మదిగా, ఆస్పత్రిలో రోగులతో మాట్లాడే గొంతుతో: "ఆ రోజు కూడా మీరే చెప్పారు మేడమ్."

"ఏంటే ఆ మాటలు, పెద్దావిడతో" అని గంటమ్మ కూతుర్ని కసిరింది. గోడ గడియారం చూసుకుంది. "గంటకి టైమైందమ్మా, వస్తా" అని నాతో చెప్పి వరండా వైపు నడిచింది. కూతురు ఫ్రేము పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. నడిచిపోతున్న తల్లి భుజాన్ని చూసింది, ఫొటోని చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. నేను వెనక నిలబడ్డాను. ఆ పిల్ల నావైపు తిరగలేదు. గంట మోగడం ఆగేదాకా అటే చూస్తూ నిలబడింది.